మంట దగ్గర చోటు

"ఒంట్లో లోహం పెట్టించుకుని వస్తే మళ్ళీ ఈ మంట దగ్గర కూర్చోవద్దు," అంది పెద్దావిడ.

బర్నరు ఆపకుండానే అంది. నీలం మంటలో గాజు గొట్టాన్ని రెండు చేతులతో తిప్పుతూ, తల ఎత్తకుండా అంది.

ఎదురుగా ఉన్న రెండో బర్నరు ఆరిపోయి ఉంది. దాని ముందు స్టూలు మీద కూతురు కూర్చుంది. ఊరికే కూర్చుంది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆ స్టూలు మీద ఆమె చేస్తున్న పని అదొక్కటే. చిన్నప్పుడు గాజు ఈలలు చేసుకుని ఇల్లంతా ఊదుతూ తిరిగేదని ఆమెకు పిట్ట అని పేరు పడింది. నలభైకి దగ్గరపడినా ఇంట్లో ఇంకా పిట్టే.

"రేపు పొద్దున్న వెళ్తానమ్మా. నువ్వు వద్దన్నా వెళ్తాను. డాక్టరమ్మ సరేనన్న రోజున వచ్చి ఈ స్టూలు మీద కూర్చుంటాను. రెండూ జరుగుతాయి."

"రెండూ జరగవు."

"జరుగుతాయి."

గుమ్మంలో అల్లుడు నిలబడ్డాడు. బస్సులకు సీట్లు కుట్టే మనిషి. చంకలో రెక్సిన్ చుట్ట ఉంది. లోపలి వాతావరణం చూసి చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచించాడు.

"ఎవరి వైపు నిలబడాలో చెబితే అటే నిలబడతాను," అన్నాడు.

"నోరు మూసుకుని నిలబడు," అన్నారు తల్లీ కూతుళ్ళు ఇద్దరూ.

"హమ్మయ్య, ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు," అని చుట్టను గోడకు ఆనించాడు.

గది మూల చెక్కపెట్టె ముందు కూర్చుని, కాలేజీ ల్యాబులకు తయారైన ఫ్లాస్కుల మధ్య ఎండుగడ్డి కూరుతున్న కోడలు మాత్రం చెయ్యి ఆపలేదు. బడిలో ఆమె టీచరు. భర్త పోయాక కూడా ఇదే ఇంట్లో ఉంటోంది. సెలవు రోజుల్లో ఈ పని చేస్తుంది. గాజుకు గడ్డి ఎంత ఒత్తుగా పెట్టాలో ఆమెకు బాగా తెలుసు. మనుషుల మధ్య అంత తేలిక కాదని కూడా ఈ ఏడాదిలో తెలిసింది.

పెద్దావిడ గొట్టాన్ని మంటలోంచి తీసి పక్కన పెట్టింది.

"గుండెలో సందు ఉంటే ఇన్నేళ్ళు ఎట్లా ఊదింది ఇది? పదహారేళ్ళ పిల్లగా నా ఎదురుగా కూర్చుంది. రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని ఊదితే బుడ్డి గుండ్రంగా వచ్చేది. కారిపోయే గుండెతో అట్లా ఊదగలరా?"

"కారిపోవడం కాదమ్మా. ఎన్నిసార్లు చెప్పను," అంది పిట్ట. విసుగు లేకుండానే అంది. "కడుపులో ఉన్న బిడ్డకి ఊపిరితిత్తులతో పని ఉండదు. అందుకని గుండెలో పై గదులు రెండిటి మధ్య రక్తం దాటడానికి ఒక దారి ఉంటుంది. అందరికీ ఉంటుంది. పుట్టాక ఊపిరి పీల్చగానే ఒక పొర వచ్చి దాన్ని మూస్తుంది. చాలామందికి అతుక్కుపోతుంది. నలుగురిలో ఒకరికి మూసుకుంటుంది కానీ అతుక్కోదు. ఆ ఒకరు కూడా చాలావరకు హాయిగా ముసలివాళ్ళయిపోతారు."

"అయితే నువ్వూ ముసలిదానివి అవ్వు."

"అవుదామనే వెళ్తున్నా."

అల్లుడికి నవ్వు వచ్చింది. రెక్సిన్ చుట్టను సర్దుతున్నట్టు వెనక్కి తిరిగాడు.

"నాకు ఆ సందు పెద్దదిగా ఉంది. కాలి నరంలో పుట్టిన చిన్న నెత్తురుగడ్డ ఊపిరితిత్తుల్లో చిక్కుకుని కరిగిపోవాల్సింది, ఆ సందులోంచి దాటి తలలోకి వెళ్ళింది. వేరే కారణం ఉందేమోనని అన్నీ వెతికారు. దొరకలేదు. మన మెరుపులు వచ్చేవాళ్ళలో ఈ సందు కాస్త ఎక్కువగానే కనబడుతుందట. ఎందుకో వాళ్ళకీ పూర్తిగా తెలియదట."

మెరుపులు అన్నది ఆ ఇంటి మాట. తలనొప్పి రావడానికి ముందు కంటి అంచున విరిగిన గీతల్లాగా వెలుగు కదులుతుంది. అది కనబడగానే ఎవరైనా సరే చేతిలో పని దించేసి, గాజుపెట్టెలు పెట్టే లోపలి గదిలోకి వెళ్ళి పడుకోవాలి. తలుపు మూస్తారు. పడుకున్నవాళ్ళు తమంతట తాము బయటికి వచ్చేదాకా ఎవరూ తలుపు కొట్టకూడదు, పలకరించకూడదు. ఆ నియమం పెట్టింది పెద్దావిడే. ఆమెకూ మెరుపులు వచ్చేవి. ఆ నిశ్శబ్దమే తనను బతికించిందని ఆమె నమ్మకం. కొడుక్కీ, కూతురికీ అదే మందు ఇచ్చింది.

పోయిన ఏడాది కొడుకు మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్ళాడు. సాయంత్రం టీచరు బడి నుంచి వచ్చి తలుపు తీసింది.

నెల కిందట పిట్ట వెళ్ళింది. ఆ రోజు బడికి సెలవు. టీచరు కాసేపు తలుపు బయట నిలబడి, తర్వాత తోసుకుని లోపలికి వెళ్ళి దీపం వేసి, "పిట్టా, నాతో మాట్లాడు," అంది. పిట్ట మాట్లాడబోయింది. మాట రాలేదు. కుడి చెయ్యి లేవలేదు. అల్లుడు ఎవరిదో వ్యాను తెచ్చాడు. ఆసుపత్రిలో గడ్డను కరిగించే ఇంజెక్షను వేళకు పడింది.

ఇప్పుడు పిట్టకు మాట వచ్చింది, చెయ్యి వచ్చింది. చిటికెనవేలు ఒక్కటే కాస్త ఆలస్యంగా వంగుతోంది.

"మాత్రలు వేసుకున్నా చాలని ఆ డాక్టరమ్మే అందిగా," అంది పెద్దావిడ.

"అంది. మాత్రలతో కూడా నెట్టుకురావచ్చంది. కానీ ఈ వయసులో ఒకసారి వచ్చిందానికి, ఇంత పెద్ద సందున్నదానికి, మూస్తే మళ్ళీ వచ్చే భయం బాగా తగ్గుతుందంది. కొందరికి మూశాక కొన్నాళ్ళు గుండె దడ వస్తుందని కూడా చెప్పింది. తలనొప్పి పోతుందని మాత్రం మాటివ్వనంది. దాచలేదు. అన్నీ విన్నాకే ఒప్పుకున్నా."

పెద్దావిడ లేచింది. గోడ మేకుకు వేలాడుతున్న ఇనప తీగ నుంచి వేలెడు ముక్క తుంచింది. మంట పెంచింది. గాజు గొట్టం కొసను ఎర్రగా, మెత్తగా కాల్చి, తీగను అందులో గుచ్చి, చుట్టూ గాజు కరుచుకునేలా తిప్పింది. అరవై దాటినా కొలత తప్పలేదు. తెచ్చి కూతురి ముందున్న రాతిపలక మీద పెట్టింది.

"చూడు," అంది.

నలుగురూ చూశారు. ఎరుపు పోయింది. గాజు మళ్ళీ నీళ్ళలా తేటపడింది. చూడ్డానికి ఎంతో బాగుంది. కాసేపటికి టిక్కుమని చిన్న చప్పుడయింది. తీగ దగ్గర మొదలైన బీట గాజు చుట్టూ తిరిగి వచ్చింది.

"వేడిలో రెండూ సాగుతాయి. చల్లారేటప్పుడు ఒకటి ఒకలాగా, ఇంకోటి ఇంకోలాగా ముడుచుకుంటాయి. అప్పుడు ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. ఇది మీ నాన్నకి నేను నేర్పాను. నీకు నేర్పాను. ఆ డాక్టరమ్మకి ఎవరూ నేర్పినట్టు లేదు."

ఆ ఇంట్లో ఎంత పెద్ద గొడవైనా గాజు పగిలితే అక్కడితో తీర్పు వచ్చినట్టే.

పిట్ట లేచి తల్లి ఎడమచెయ్యి పట్టుకుంది. అరచేతిని వెలుగులోకి తిప్పింది. బొటనవేలి మొదట్లో చర్మం కింద బియ్యపుగింజంత తెల్లటి మచ్చ ఉంది.

"ఇదేమిటి?"

"తెలీనట్టు అడుగుతావేం. గాజు."

"ఎప్పటిది?"

"నువ్వు పుట్టకముందుది."

"నొప్పి ఉందా?"

పెద్దావిడ రెండో చేతి వేలితో మచ్చను నొక్కి చూసుకుంది.

"ఎండల్లో కూర్చున్నావు, మంట దగ్గర కూర్చున్నావు, చన్నీళ్ళలో చెయ్యి పెట్టావు. ఇది నీ చేతిని చీల్చలేదు. నీ చెయ్యి గాజు కాదు కదమ్మా. దీని చుట్టూ మాంసం కట్టుకుని తన పని తాను చేసుకుపోతోంది. నా గుండె కూడా అంతే చేస్తుంది. సన్నటి జాలీలాంటిది పెడతారు. నెలలు గడిచేకొద్దీ దాని మీద నా మాంసమే పెరిగి కప్పేస్తుంది. మీ అందరి కంటే గట్టిగా అతుక్కుంటుంది."

"ఇది మాత్రం బాగుంది," అన్నాడు అల్లుడు మెల్లగా. "సీటు మీద తొడుగు లాగా."

పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అరచెయ్యి వంక ఒకసారి చూసుకుంది. బర్నరు ఆపేసింది.

"అయినా వద్దు," అని లోపలికి వెళ్ళిపోయింది.

టీచరు చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. వాదన లోహం గురించే అయితే ఇక్కడితో అయిపోవాలి. అత్తగారు ఓడిపోయిన వాదనను పట్టుకుని వేలాడే మనిషి కాదు. ఇది లోహం గురించి కాదు.

*

వంటింట్లో పిట్ట టీ గ్లాసును కుడిచేత్తోనే పట్టుకుంది. చిటికెనవేలు గ్లాసుకు ఆనకుండా విడిగా నిలబడింది.

"చూడు వదినా, గొప్పింటి ఆడవాళ్ళు తాగినట్టు తాగుతున్నా."

"రోజూ ఆ వేలుకి పని చెప్పమన్నారు కదా. చెప్తున్నావా?"

"చెప్తున్నా. మా ఆయన మాదిరి, విన్నట్టు తల ఊపుతుంది గానీ చెయ్యదు."

బయట రెక్సిన్ కొలుస్తున్న మొగుడి దగ్గు వినబడింది. విన్నానని చెప్పే దగ్గు.

ఇద్దరూ నవ్వుకున్నారు. పిట్ట గ్లాసు కింద పెట్టింది.

"వదినా, అన్నయ్యకి కూడా ఇదేనంటావా?"

"తెలియదు."

"డాక్టరమ్మని అడగలేదా? అన్నిసార్లు నాతో వచ్చావు."

"లేదు."

"ఎందుకు?"

టీచరు కడిగిన గ్లాసులను ఒక్కొక్కటే తుడిచి బోర్లించింది. తొందరపడి జవాబు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా అంతే.

"మీ అన్నయ్య గుండెను ఎవరూ పరీక్ష చెయ్యలేదు. అందుకని ఎవరేం చెప్పినా ఊహే. ఒకరోజు ఒక ఊహ, ఇంకో రోజు ఇంకో ఊహ. అట్లా నాకు నిద్ర పట్టదు. తెలియదు అనుకుంటే కాస్త పడుతుంది. అది అలవాటు చేసుకుంటున్నాను."

"అలవాటు అయిందా?"

"అవుతోంది."

పిట్ట వదిన చేతిలోంచి తువ్వాలు తీసుకుంది.

"నువ్వు ఆ రోజు తలుపు తీశావని అమ్మ నీతో ఇప్పటిదాకా ఒక్క మాట అన్లేదు. మంచిపని చేశావని లేదు, నియమం తప్పావని లేదు. నాకు అదే ఆశ్చర్యం. నేను రుచి చూడకుండా ఉప్పు వేస్తే ఊరుకోని మనిషి."

"అత్తయ్యనే అడుగుతాను," అంది టీచరు.

*

పెద్దావిడ లోపలి గదిలో ఉంది. తలుపు తెరిచే ఉంది. దీపం వేసి ఉంది. చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి గోడ పొడుగునా ఉన్నాయి. వాటి పక్కన ఇనప మంచం ఉంది. ఆమె మంచం మీద కాకుండా పెట్టె మీద కూర్చుంది.

"అత్తయ్యా, పిట్ట పొద్దున్నే బయల్దేరుతుంది. మీరూ వస్తారా?"

"నాకు ఆర్డరు ఉంది. కాలేజీవాళ్ళకి రేపటికి ఇవ్వాలి."

"ఒక పూట ఆగమంటే ఆగుతారు."

"ఆగరు."

టీచరు ఎదురుగా ఉన్న పెట్టె మీద కూర్చుంది. ఈ గదిలో వాళ్ళిద్దరూ ఇలా కూర్చోవడం ఏడాదిలో ఇదే మొదటిసారి. మంచం వైపు ఇద్దరూ చూడలేదు.

"అమ్మాయ్," అంది పెద్దావిడ. "ఆ రోజు మీ బడికి సెలవు లేకపోతే, నేను తలుపు తీసేదాన్ని కాదు."

కాదులెండి, మీరూ తీసేవాళ్ళే అనొచ్చు. అంటే ఆ గదిలో గాలి కాస్త తేలికయ్యేది. టీచరు ఆ మాట నాలుక దాకా వచ్చాక ఆగింది.

"అవును," అంది. "తీసేవారు కాదు."

పెద్దావిడ తల ఊపింది. అబద్ధం చెప్పనందుకు కృతజ్ఞత ఏదో ఆ ఊపులో ఉంది.

"దాని గుండె బాగుచెయ్యొచ్చు అంటున్నారు. వేళకి వెళ్తే తల కూడా బాగుచెయ్యొచ్చని చూశాం. నా కళ్ళతో చూశా. మంచం మీద మాట లేకుండా ఉన్న పిల్ల లేచి కూర్చుని నన్ను దబాయిస్తోంది. మరి..."

కొడుకు మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తర్వాతి మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు.

"అందుకని దాని వైద్యం ఆపేస్తారా?" అంది టీచరు.

పెద్దావిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

"గట్టిగా అడుగుతున్నానని అనుకోకండి. పిట్టకి మీ అనుమతి అక్కర్లేదు, అది వెళ్తుంది. కానీ తిరిగి వచ్చాక మీ ఎదురుగా ఉన్న స్టూలు దానికి కావాలి. దానికి ఇంకో పని రాదు, ఇంకో పని ఇష్టం లేదు. ఆ ఒక్కటీ మీ చేతిలో ఉంది. అది మాత్రం తీసెయ్యకండి."

టీచరు లేచి బయటికి వచ్చింది. దీపం ఆర్పలేదు.

*

ఆసుపత్రి గదిలో పిట్ట నీలం గౌను వేసుకుని మంచం మీద కాళ్ళు వేలాడేసి కూర్చుంది. అల్లుడు గోడపక్కన కుర్చీల అడుగున చెయ్యి పెట్టి తడుముతున్నాడు. టీచరు పిట్ట బట్టలు సంచిలో సర్దుతోంది.

"స్పాంజి మంచిదే వేశారు. కుట్టే వదులు. ఒక్క పూట నాకు వదిలేస్తే..."

"ఇక్కడ కుట్లు వేసేవాళ్ళు వేరే ఉన్నారు. నువ్వు కూర్చో," అంది పిట్ట.

డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంది. చేతిలో గుండె ప్లాస్టిక్ బొమ్మ ఉంది. చెప్పినవే మళ్ళీ చెప్పింది. తొడ మొదట్లో నరం నుంచి సన్న గొట్టం పంపుతాం. పొరకు ఇటొక బిళ్ళ, అటొక బిళ్ళ, మధ్యలో సందును పట్టుకుని ఉంటాయి. గంట పట్టొచ్చు. మాత్రలు కొన్నాళ్ళు తప్పవు.

"నరంలోకి బుడగల నీళ్ళు ఎక్కించి గుండెలో చూశారే, ఆ పరీక్ష మళ్ళీ చేస్తారా?" అంది పిట్ట.

"కొన్ని నెలలు పోయాక చేస్తాం. అప్పుడు బుడగలు ఇటు దాటకూడదు."

"అది నాకు బాగా నచ్చింది డాక్టర్. మేమూ అంతే. అతికిన గొట్టాన్ని నీళ్ళలో ముంచి ఊదుతాం. బుడగ ఎక్కడ లేస్తే అక్కడ సందు."

"ఊదొచ్చా మరి?"

ఈ మాట గుమ్మం నుంచి వచ్చింది. పెద్దావిడ అక్కడ నిలబడి ఉంది. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడి చిల్లులు పడిన పని చొక్కాతోనే వచ్చేసింది. ఆమె వెనక నర్సు ఆపబోయి ఆగిపోయినట్టుంది.

"ఎవరు?" అంది డాక్టరమ్మ.

"దాని ఎదురు స్టూలు మీద కూర్చుంటాను," అంది పెద్దావిడ. "ఇదయ్యాక అది ఊదొచ్చా?"

"కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు, ఊపిరి బిగబట్టి ఊదకూడదు. తర్వాత చూసి చెప్తాను. ఊదలేకపోవడానికి కారణమేమీ నాకు కనబడ్డం లేదు."

"బుగ్గలతో ఊదితే? గుండె మీద భారం లేకుండా చిన్నవి చెయ్యొచ్చు. అది నేను నేర్పుతాను."

"అవి కూడా నన్ను అడిగాకే."

"సరే," అంది పెద్దావిడ. కూతురి దగ్గరికి వచ్చింది. గౌను మెడ దగ్గర ముడి సరిగా లేదని విప్పి మళ్ళీ వేసింది. "నీ బర్నరు మసి పట్టిపోయింది. తుడిచి వచ్చాను."

పిట్ట తల్లి భుజానికి నుదురు ఆనించింది. కాసేపటికి ఇద్దరు మనుషులు చక్రాల మంచం తెచ్చారు. ఎవరి సాయం లేకుండా దాని మీదికి ఎక్కి పడుకుంది.

"నేను వచ్చేదాకా ఎవరూ పోట్లాడుకోకండి," అంది. "నేను లేకుండా మీకు సరిగా రాదు."

అల్లుడు మంచం వెంట నడిచాడు. తలుపు దాకానే రానిస్తారని తెలిసినా, ఆ తలుపు దాటి కూడా వెళ్ళేవాడిలా నడిచాడు.

డాక్టరమ్మ కూడా కదలబోతుంటే పెద్దావిడ అంది.

"నాకొక కొడుకు ఉండేవాడు. వాడికీ ఇట్లాగే మెరుపులు వచ్చేవి. ఈమె మొగుడు."

డాక్టరమ్మ టీచరు వైపు చూసింది. టీచరు ఆపలేదు. సరేనని కూడా అనలేదు.

"ఆ రోజు తలుపు తీసి ఉంటే బతికేవాడా?"

"ఆయన్ని నేను చూడలేదమ్మా. ఏమయిందో చూడకుండా చెప్పడం తప్పు. ఒకవేళ ఇదే అయినా, ఎప్పుడు మొదలైందో తెలియాలి. మొదటి కొన్ని గంటల్లోనే ఆ ఇంజెక్షను పనిచేస్తుంది. ఆయన నిద్రలో పోయారో, ఎంతసేపు అలా ఉన్నారో... అది మీకెవరికీ తెలియదు కదా."

డాక్టరమ్మ పెద్దావిడ భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళిపోయింది.

గదిలో అత్తా కోడళ్ళు మిగిలారు. పెద్దావిడ కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"మధ్యాహ్నం," అంది. "నేను మంట దగ్గరే ఉన్నాను. లోపల పెట్టె పడిన చప్పుడయింది. గాజు పగిలింది. వాడు నన్ను పిలిచినట్టు అనిపించింది. పిలుపులా లేదు గానీ, వాడి గొంతే. లేచి తలుపు దాకా వెళ్ళాను."

టీచరు పక్క కుర్చీ మీద ఉన్న పిట్ట బట్టల సంచి తీసి కింద పెట్టింది. ఆ కుర్చీలో కూర్చుంది. తెలియదు అనుకుంటూ ఏడాదిగా కట్టుకున్నదేదో కూలుతున్నట్టు తెలుస్తూనే ఉంది. అయినా గొంతు మామూలుగానే వచ్చింది.

"తర్వాత ఏం చేశారత్తయ్యా?"